వృక్ష స్టెరాల్స్ వాడితే స్టాటిన్ మానేయవచ్చా?

మీరు రెండు ప్రశ్నలు కలిపి అడిగారు. మీ ఎల్‌డీఎల్ (చెడు కొలెస్టరాల్) 152 ఉందని, మధుమేహం గానీ రక్తపోటు గానీ లేవని, శాకాహారులైన మిమ్మల్ని మూడు నెలలు ఆహారం మార్చి మళ్ళీ పరీక్ష చేయించుకోమని డాక్టరుగారు చెప్పారని రాశారు. ఆ మూడు నెలలూ వృక్ష స్టెరాల్స్ (మొక్కల్లో ఉండే, కొలెస్టరాల్ లాంటి పదార్థాలు) వాడవచ్చా అన్నది మొదటి ప్రశ్న. స్టెంటు వేయించుకుని అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్ (కొలెస్టరాల్ తగ్గించే మందు) వాడుతున్న మీ అమ్మగారు ఆ మాత్ర మానేసి వీటికి మారవచ్చా అన్నది రెండవది. మీరు వాడవచ్చు, అమ్మగారు మాత్రం మారకూడదు అన్నది నా జవాబు. నేను వైద్యుణ్ణి కాను. ఉద్యోగరీత్యా ఫిన్లాండులో ఉంటూ వీటిని ఇప్పటికీ వాడుతున్నవాణ్ణి.

ఫిన్లాండు ప్రస్తావన ఊరికే తేలేదు. ఈ దేశపు తూర్పు ప్రాంతమైన ఉత్తర కరేలియాలో ఒకప్పుడు గుండెజబ్బు మరణాలు ఎంత ఎక్కువగా ఉండేవంటే, 1972లో అక్కడ ప్రత్యేకంగా ఒక ప్రజారోగ్య కార్యక్రమమే మొదలుపెట్టి వెన్న, ఉప్పు, పొగాకు వాడకం తగ్గించవలసి వచ్చింది. అదే ప్రాంతంలో కొలెస్టరాల్ కొద్దిగా ఎక్కువగా ఉన్న 153 మందిపై ఏడాది పాటు జరిగిన అధ్యయనం 1995లో వెలువడింది. స్టానాల్ ఎస్టర్ (కొవ్వు ఆమ్లంతో జతచేసిన స్టానాల్) కలిపిన మార్గరిన్, అంటే వెన్నకు బదులు వాడే పదార్థం, తిన్నవారిలో ఎల్‌డీఎల్ సుమారు 14 శాతం తగ్గింది. ఆ ఏడాదే రైసియో అనే ఇక్కడి కంపెనీ ఆ మార్గరిన్‌ను బెనెకాల్ పేరుతో అమ్మకానికి పెట్టింది. స్టానాల్ అనేది స్టెరాల్‌కే సంతృప్త (హైడ్రోజన్ చేర్చిన) రూపం, ఫలితంలో రెండింటికీ పెద్ద తేడా లేదు.

ఇవి పనిచేసే తీరు తెలిస్తే ఎవరికి ఎంత మేలో మనకే అర్థమవుతుంది. మొక్కల కణపొరల్లో ఉండే సిటోస్టెరాల్, కాంపెస్టెరాల్ వంటివి నిర్మాణంలో కొలెస్టరాల్‌ను దాదాపుగా పోలి ఉంటాయి. పేగులో కొవ్వు జీర్ణమయ్యేటప్పుడు కాలేయం నుంచి వచ్చే పైత్యరసంలోని లవణాలతో ఏర్పడే అతి సూక్ష్మమైన బిందువుల్లో చోటు దొరికితేనే కొలెస్టరాల్ పేగు గోడ దాకా చేరగలదు. పల్లెవెలుగు బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపినట్టు, స్టెరాల్స్ ఆ చోటును ముందే ఆక్రమిస్తాయి. అవి మాత్రం ఒంటికి పట్టవు, ఎందుకంటే పేగు కణాలు వాటిలో అధిక భాగాన్ని తిరిగి పేగులోకే తోసేస్తాయి. లోపలికి వచ్చే కొలెస్టరాల్ తగ్గినప్పుడు కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను ఎక్కువగా లాక్కుంటుంది. పేగులోకి చేరే కొలెస్టరాల్‌లో ఎక్కువ వాటా తిండి నుంచి కాక పైత్యరసం నుంచే వస్తుంది కాబట్టి, గుడ్డు కూడా ముట్టని మీకు సైతం ఈ ఉపాయం పనిచేస్తుంది. అయితే కాలేయం ఊరుకోదు, సొంత తయారీని కొంత పెంచుతుంది. అందుకే తగ్గుదల సాధారణంగా పది శాతం దగ్గర ఆగిపోతుంది.

ఆ పది శాతమైనా రావాలంటే రోజుకు సుమారు రెండు గ్రాములు కావాలి. సాధారణ భోజనంలో దొరికేది అర గ్రాముకు లోపే. నువ్వుల నూనె, తవుడు నూనె ఈ విషయంలో మిగతా నూనెల కంటే మెరుగే గాని, వాటి నుంచే రెండు గ్రాములు రాబట్టాలంటే రోజుకు పావు కిలోకు అటూ ఇటూగా నూనె తాగవలసి వస్తుంది, అది ఎవరికీ సలహాగా ఇవ్వదగిన మాట కాదు. (నూనె ప్యాకెట్ల మీద 'కొలెస్టరాల్ లేదు' అని పెద్ద అక్షరాలతో వేసుకోవడం చూస్తే నాకు నవ్వొస్తుంది, ఏ మొక్క నూనెలోనైనా అది ఎప్పుడుంది కనుక?) కాబట్టి స్టెరాల్స్ కలిపిన ఆహారమో గుళికలో తప్పవు. గుళికలైతే సీసా మీది అంకెను జాగ్రత్తగా చదవండి. అది స్టెరాల్ బరువా, స్టెరాల్ ఎస్టర్ బరువా అన్నది ముఖ్యం. రెండు గ్రాముల స్టెరాల్‌కు ఎస్టర్ రూపంలో మూడు గ్రాములకు పైనే కావాలి. హైదరాబాదులో మా అన్నయ్య కొన్న సీసాలో ఈ లెక్క వేసి చూస్తే, రాసిన మోతాదు ప్రకారం రోజుకు ముప్పావు గ్రాము కూడా అందడం లేదని తేలింది.

నేను వాడేది మధ్యాహ్న భోజనంతో పాటు తాగే చిన్న పెరుగు పానీయం, ఒక సీసాలో రెండు గ్రాముల స్టానాల్ ఉంటుంది. భోజనంతోనే ఎందుకంటే, పైత్యరసం పేగులోకి బాగా దిగేది అప్పుడే. తిండిలో మరే మార్పూ లేకుండా నా ఎల్‌డీఎల్ 148 నుంచి 134కు వచ్చింది. ఫలితం రెండు మూడు వారాల్లోనే కనిపిస్తుంది, మానేస్తే అంతే త్వరగా పోతుంది. మోతాదు మూడు గ్రాములు దాటించినా అదనంగా దక్కేది పెద్దగా లేదు. పైగా బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎ గా మారే పదార్థం) ఒంటికి పట్టడం కొంత తగ్గుతుంది కాబట్టి క్యారెట్, గుమ్మడి, ఆకుకూరలు వదలకండి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, అయిదేళ్ళలోపు పిల్లలకు ఇవి వద్దని యూరప్‌లో ప్యాకెట్ల మీదే రాస్తారు. సిటోస్టెరోలీమియా అనే అరుదైన వంశపారంపర్య వ్యాధి ఉన్నవారిలో పేగు ఈ స్టెరాల్స్‌ను వెనక్కి తోయలేకపోతుంది, అవి రక్తంలో పేరుకుని చిన్న వయసులోనే ధమనులను దెబ్బతీస్తాయి. వారు వీటి జోలికే పోకూడదు.

ఇక మీ అమ్మగారి విషయం. తగిన మోతాదులో అటోర్వాస్టాటిన్ ఎల్‌డీఎల్‌ను సగం వరకు తగ్గించగలదు. అంతకంటే ముఖ్యమైన సంగతి, స్టాటిన్లు గుండెపోట్లను, మరణాలను తగ్గిస్తాయని వేలాది మందిపై జరిగిన పరీక్షల్లో రుజువైంది. స్టెరాల్స్‌కు రక్తపరీక్ష అంకె తగ్గించిన రుజువు ఉంది గాని గుండెపోట్లు తగ్గించిన రుజువు లేదు. స్టెంటు ఉన్నవారికి ఈ తేడాయే అన్నిటికంటే పెద్దది. కండరాల నొప్పి వల్ల మాత్ర మానాలనుకుంటుంటే ఆ మాటే కార్డియాలజిస్టుతో చెప్పమనండి. మోతాదు మార్చడమో, పేగులో కొలెస్టరాల్ ప్రవేశాన్నే అడ్డుకునే ఎజెటిమైబ్ మాత్ర చేర్చడమో ఆయన చేయగలరు. స్టాటిన్‌కు తోడుగా స్టెరాల్స్ వాడితే మరికొంత తగ్గుతుంది, కానీ అది కూడా ఆయనకు తెలిసే జరగాలి.

మీ 152లో పది శాతం పోతే 137 అవుతుంది. ఆ అంకె మీకు సరిపోతుందా లేదా అన్నది మీ వయసు, పొగతాగే అలవాటు, కుటుంబ చరిత్ర చూసి డాక్టరుగారు తేల్చాలి. తదుపరిసారి వెళ్ళినప్పుడు మీ అమ్మగారికి గుండెజబ్బు ఏ వయసులో బయటపడిందో తప్పక చెప్పండి. తల్లికి 65 ఏళ్ళలోపు వచ్చి ఉంటే మీ ముప్పును వేరుగా లెక్కకడతారు.