మొక్కల మనిషిని బాక్ టవర్‌కి తీసుకెళ్తే

"ఫ్లోరిడాకి వస్తున్న మా అమ్మానాన్నలకు బాక్ టవర్ గార్డెన్స్ నచ్చుతుందా, టికెట్ దండగా?" అని అడిగారు. మాది కడియపులంక, ముప్పై ఏళ్లుగా నర్సరీ. మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు చూశాను. డిస్నీ మానేసైనా తీసుకెళ్లండి.

దారిలో మావాడు "కొండ మీద ఉంటుంది నాన్నా" అంటే పాపికొండల్లాంటిది ఊహించుకున్నా. తీరా చూస్తే 298 అడుగులు! నవ్వొచ్చింది గానీ, మా డెల్టాలో మాత్రం ఏటిగట్టుని మించిన ఎత్తు ఏముంది లెండి.

ఆ కొండ మీద 205 అడుగుల రాతి గోపురం. మా ఆవిడ గుడి అనుకుని చెప్పులు విప్పబోయింది. చెట్టు నీడన బెంచీ మీద కూర్చున్నామో లేదో, పైనుంచి పాట మొదలైంది. కార్తీకమాసంలో తెల్లారకుండానే లేపే మైకులకు అలవాటుపడ్డ ప్రాణం కదా, మైకు ఏ కొమ్మకి కట్టారా అని చెట్లన్నీ వెతికాను. మైకు లేదు, అవి గంటలు. మొత్తం 60, పెద్దది పది టన్నుల పైమాటే. మన గుడిగంటలా తాడు లాగి ఊపరు. గంట కదలదు, నాలుక మాత్రం వెళ్లి కొడుతుంది. కిందిగదిలో ఓ మనిషి కూర్చుని చెక్క మీటల్ని పిడికిళ్లతో, కాళ్లతో కొడుతూ వాయిస్తాడట. పాట అయిపోయాక కూడా పెద్ద గంట మోత కాసేపు గాల్లోనే ఉండిపోయింది. మా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. పెళ్లయ్యాక అదే మొదటిసారి.

నాకు మాత్రం గోపురం కంటే మట్టి గొప్పగా అనిపించింది. ఎడ్వర్డ్ బాక్ అనే పత్రికా సంపాదకుడు కట్టించిన తోట అది. 1929లో అధ్యక్షుడు కూలిడ్జ్ వచ్చి ప్రారంభించాడు. అంతకుముందు అదంతా ఇసుక దిబ్బ. తోట వేసిన ఓల్మ్‌స్టెడ్ జూనియర్ మొదటి ఏడాదంతా కందకాలు తవ్వించి, నీటి పైపులు వేయించి, మంచి మట్టి తోలించాడు. ఆ తర్వాతే వెయ్యి ఓక్ చెట్లు, పదివేల అజేలియా పూలమొక్కలు పెట్టించాడు.

మన దగ్గరో? ముందు సిమెంటు ఆర్చి, దాని పక్కన పేర్లు చెక్కిన శిలాఫలకం. ఓ ఊరి పార్కుకి నేనే లారీడు మొక్కలు పంపాను. నీళ్ల పైపు వేసేసరికి అవన్నీ వంటచెరుకయ్యాయి. తిట్లు నాకు! "మీ మొక్కల్లో పస లేదండీ" అన్నారు. మార్చి ఎండలో నీళ్లు లేకపోతే మర్రిచెట్టుకైనా పస ఎక్కడిది?

సరే, మీ సంగతి. అజేలియాలు చూడాలంటే ఫిబ్రవరి, మార్చిల్లో వెళ్లండి. గంటలు వాయించే వేళ ముందే కనుక్కోండి. మీ నాన్నగారిది మా వృత్తే అయితే ఆయన చేతులు ఓ కంట కనిపెట్టండి. అంటుకి పనికొస్తుందని కెమీలియా కొమ్మ మీద నేను చెయ్యి వేశానో లేదో, "నాన్నా!" అని మావాడు వేసిన కేకకి గంటలు కూడా వినపడలేదు.