ఇంట్లో వద్దంటున్నది బాక్సింగ్‌నా, ఏడు దాటాక ఇంటికి రావడాన్నా?

ప్రశ్న: మేడం, మాది విజయవాడ సింగ్ నగర్, నైన్త్ చదువుతున్నా. నాకు బాక్సింగ్ నేర్చుకోవాలని ఉంది. ముఖం పాడైతే నిన్నెవరు చేసుకుంటారు అంటుంది అమ్మ. నాన్నేమో కరాటే అయితే ఓకే అంటారు, కానీ నెలకి 1500 దాటకూడదంట, రాత్రి ఏడింటికల్లా ఇంట్లో ఉండాలంట, టెన్త్‌లోకి రాగానే మానెయ్యాలంట. నాకు కరాటే బోర్. ట్యూషన్ టైంలో చెప్పకుండా బాక్సింగ్‌కి వెళ్తే తప్పా? మేరీ కోమ్ కూడా అలాగే నేర్చుకుందిగా. దీంట్లో కెరీర్ ఉంటుందా?

జవాబు: ముందు మేరీ కోమ్ సంగతి తేల్చేద్దాం తల్లీ, ఎందుకంటే ఈ పాయింట్ పట్టుకుని నా దగ్గరికొచ్చిన మొదటి పిల్లవి నువ్వు కాదు. నిజమే, ఆవిడ ఇంట్లో చెప్పలేదు, 2000లో స్టేట్ ఛాంపియన్ అయ్యాక పేపర్లో ఫోటో చూసి వాళ్ళ నాన్నకి తెలిసింది, ఆయన కూడా అచ్చం మీ అమ్మలాగే ముఖానికి దెబ్బ తగిలితే పెళ్ళెలా అనే భయపడ్డారు. కానీ ఆవిడ అప్పటికి ఊరొదిలి ఇంఫాల్లో ఉంటోంది. నువ్వేమో సింగ్ నగర్ ఫ్లైఓవర్ దిగేలోపే మీ పిన్నో మీ నాన్న ఫ్రెండో చూసి ఫోన్ కొట్టేస్తారు. సరే అది పక్కన పెట్టు, చెప్పకుండా వెళ్ళిన రోజున తలకి దెబ్బ తగిలి రాత్రి వాంతులైతే మీ అమ్మకి ఏం జరిగిందో తెలీదు, డాక్టర్‌కి ఏం చెప్పాలో తెలీదు. అందుకని అది వద్దు.

ఇక మీ అమ్మ మాట. పెళ్ళి సంగతి నేను ఒప్పుకోను, పద్నాలుగేళ్ళ పిల్లతో ఆ మాట ఎందుకండీ అని ఆవిడ కనపడితే నేనే అడుగుతా. కానీ దెబ్బల గురించి ఆవిడ భయం మాత్రం ఉత్తది కాదు, తలకి దెబ్బలు తగులుతాయి, పిల్లలకి బాక్సింగ్ వద్దని అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘమే 2011లో చెప్పింది. హెల్మెట్ పెట్టుకుంటాం కదా అంటావేమో, అది చర్మం చిట్లకుండా ఆపుతుంది గానీ లోపల మెదడు అదరడాన్ని ఆపదు.

కాబట్టి నేనైతే జూడో చూడమంటా. గుద్దడం తన్నడం ఉండదు, డ్రెస్ పట్టుకుని లాగి పడెయ్యడం, కింద అదిమి పెట్టడం, ముఖ్యంగా ఇవే. మొదట్లో చాలా రోజులు నీకు నేర్పేది పడటమే, దెబ్బ తగలకుండా ఎలా పడాలో. రేపు స్కూటీ మీంచి జారినా పనికొస్తుంది అది. అలాగని మీ అమ్మకి అస్సలు దెబ్బలే తగలవని చెప్పకు, మోకాళ్ళు, భుజాలు, వేళ్ళు, అన్నీ నొప్పులే ఒక్కోసారి, ఆ ముక్క ముందే చెప్తే రేపు వేలు బెణికినప్పుడు ఇంట్లో గోల ఉండదు. 1992 నుంచి ఆడవాళ్ళ జూడోకి ఒలింపిక్స్‌లో మెడల్స్ ఉన్నాయి, స్కూల్ గేమ్స్‌లో కూడా ఉంది. కరాటే మాత్రం ఒలింపిక్స్‌లో కనిపించింది టోక్యోలో ఒక్కసారే, పారిస్‌లో లేదు.

క్లాస్ ఎక్కడుందో గూగుల్లో కాదు, మీ స్కూల్ పీఈటీ సార్‌ని అడుగు, తర్వాత మీ నాన్నని తీసుకుని ఐజీఎంసీ స్టేడియం, దండమూడి రాజగోపాలరావు ఇండోర్ స్టేడియం వైపు వెళ్ళి కనుక్కో. సిమెంట్ నేల మీద పల్చటి ఫోమ్ షీట్లు పరిచి జూడో అంటే మాత్రం వెంటనే వెనక్కి వచ్చెయ్.

దగ్గర్లో దొరకలేదనుకో, మీ నాన్న చెప్పిన కరాటేనే చెయ్, మొహం ముడుచుకోకుండా. నీకు బోర్ కొట్టేది బహుశా కటా, అంటే ఎదురుగా మనిషి లేకుండా చేసేది. కుమితే ఉంది చూడు, ఎదురుగా మనిషితో ఆడేది, అది వారానికి ఎన్నిసార్లు చేయిస్తారని అడిగి చేరు. టోక్యోలో బాక్సింగ్ కాంస్యం తెచ్చిన లవ్లీనా మొదట నేర్చుకుంది ముయే థాయ్, అంటే థాయ్‌లాండ్ కిక్ బాక్సింగ్, బాక్సింగ్‌కి తర్వాతే వచ్చింది. పద్దెనిమిదొచ్చాక నువ్వు బాక్సింగ్‌కి మారతానంటే ఈ కాళ్ళ కదలిక, ఎంత దూరంలో నిలబడాలనే అంచనా ఎక్కడికీ పోవు. ఇంకోటి, మన బెజవాడ సంగతి నీకు తెలిసిందే, ఇంటర్‌కి ఏ గూడవల్లి కాలేజీ హాస్టల్లోనో పడేస్తారు, అక్కడ మ్యాట్ ఉండదు, కోచ్ ఉండడు, కటా అయితే మంచం పక్కన కాస్త ఖాళీ ఉన్నా చేసుకోవచ్చు. నీకు బోర్ అన్నదే అక్కడ మిగిలేది!

డబ్బుల దగ్గర జాగ్రత్త. నెల ఫీజు 1500 లోపే ఉంటుంది చాలా చోట్ల, కానీ డ్రెస్, బెల్ట్ మారిన ప్రతిసారీ గ్రేడింగ్ ఫీజు, టోర్నమెంట్ ఎంట్రీ, బస్ ఖర్చులు, ఇవన్నీ తర్వాత ఒక్కోటీ బయటికొస్తాయి. మా వాడి కరాటే డ్రెస్ ఇంకా అటక మీదే ఉంది, ఎల్లో బెల్ట్ దగ్గర ఆగిపోయాడు, మూడు నెలలకోసారి గ్రేడింగ్ అని చీటీ పంపేవాళ్ళు, నేర్పింది ఏమిటంటే చెప్పేవాళ్ళు కాదు. ఏడాదికి మొత్తం ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. రెండేళ్ళలో బ్లాక్ బెల్ట్ గ్యారంటీ అన్నవాళ్ళకి దణ్ణం పెట్టి వచ్చెయ్యండి.

కెరీర్ గురించి నీకు తియ్యగా చెప్పను. ఈఏపీసెట్‌లో స్పోర్ట్స్ కోటా అర శాతం, అందులో చూసేది ఏ లెవెల్లో ఆడావు అనేది, బెల్ట్ రంగు కాదు, ఎవరో కల్యాణమండపంలో పెట్టిన 'నేషనల్' కప్పు అసలే కాదు. గవర్నమెంట్ స్కూళ్ళలో ఆడపిల్లలకి సెల్ఫ్ డిఫెన్స్ నేర్పే స్కీమ్ ఉంది గానీ అది మూడు నెలల పని, దాంతో ఇల్లు గడవదు. నిజంగా దీన్నే పట్టుకోవాలంటే డిగ్రీ తర్వాత నాగార్జున యూనివర్సిటీలో బీపీఈడీ, అంటే పీఈటీ టీచర్ల చదువు, లేదా పటియాలాలోని ఎన్ఐఎస్ అనే స్పోర్ట్స్ ఇన్‌స్టిట్యూట్‌లో కోచింగ్ డిప్లొమా, పోలీస్ ఉద్యోగానికి వెళ్ళాలనుకుంటే ఫిజికల్ టెస్ట్‌కి ఈ ఒళ్ళు పనికొస్తుంది. మీ నాన్నకి కోటా ఆశ చూపించి ఒప్పించకు, ఆయన ఎంక్వైరీ చేస్తే నీ మాట పోతుంది.

టెన్త్‌లో మానెయ్యడం గురించి ఇప్పుడే గొడవ పెట్టుకోవద్దు. ఆదివారం పొద్దున, మధ్యలో ఏడులోపు ఇంటికి చేరగలిగే రెండు రోజులు, మూడు నెలలు ట్రయల్ అని అడుగు. మార్కులు తగ్గకపోతే టెన్త్‌లో ఆదివారం ఒక్కటీ ఉంచమని అప్పుడు అడుగుదువు. మొదటి రోజు అమ్మని కూడా తీసుకెళ్ళు, ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారు, బట్టలు మార్చుకునే గది ఉందా, క్లాస్ జరిగేటప్పుడు తల్లిదండ్రుల్ని కూర్చోనిస్తారా, ఇవి ఆవిడే అడగాలి. కూర్చోనివ్వం అన్నారంటే ఫీజు కట్టొద్దు.