ఫిర్యాదును రాయించాలా, మాట్లాడించాలా?

ప్రశ్న: భీమవరంలో ఎంఏ ఇంగ్లిష్ చివరి సెమిస్టర్ చదువుతున్నాను. డిగ్రీ విద్యార్థులు ఇంగ్లిష్‌లో ఫిర్యాదు ఎలా చేస్తారన్నది నా ప్రాజెక్ట్. సందర్భాలిచ్చి జవాబులు రాయించుకుంటే తేలిగ్గా అయిపోతుందని స్నేహితులు, రోల్‌ప్లే (ఇద్దరూ పాత్రల్లో ఉండి మాట్లాడుకోవడం) చేయించమని గైడ్ అంటున్నారు. తర్వాత పీహెచ్‌డీ చేయాలనుంది. ఏది మేలు?

జవాబు: రెండూ చేయించండి. ఆ రెంటినీ పోల్చడమే మీ ప్రాజెక్ట్ చేసుకోండి.

మీ స్నేహితులు చెబుతున్నది డిస్కోర్స్ కంప్లీషన్ టాస్క్. 'రొయ్యల మేత బూజు పట్టి వచ్చింది. డీలర్ మీ నాన్నగారికి బాగా తెలిసినాయన. ఏమంటారు?' అని అడిగి కింద ఖాళీ వదులుతారు. ఒక్క పీరియడ్‌లో క్లాసంతా రాసిచ్చేస్తుంది. కానీ కాగితం మీద డీలర్ ఎదురు మాట్లాడడు. మన వైపు ఫిర్యాదు ఎలా నడుస్తుందో మీకు తెలియంది కాదు. ముందు కుశలం, ఆపైన 'మొన్నటి మేత కొంచెం తేడాగా ఉందండి' అనడం, ఆయన అడ్డంగా మాట్లాడితే అప్పుడు గొంతు లేవడం. ఇంగ్లిష్‌లో ఆ మెట్లన్నీ ఎక్కగలరా, లేక మొదటి మాటకే ఆగిపోతారా అన్నది రోల్‌ప్లేలోనే బయటపడుతుంది. అలాగని అది అసలు గొడవ కాదు, నిజంగా డబ్బు పోయినవాడి కోపం అందులో ఉండదు. పైగా రికార్డింగ్ విని మాటమాటా రాసుకునేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

1990లలో హవాయి విశ్వవిద్యాలయంలో హడ్సన్, డెట్మర్, బ్రౌన్ ఇలాంటి పరీక్షలు ఆరు రకాలు రూపొందించారు. వాళ్లు తీసుకున్నవి విన్నపం, తిరస్కారం, క్షమాపణ. ఫిర్యాదు లేదు. ఆ ఆరింటిలో మల్టిపుల్ చాయిస్ కూడా ఉంది గానీ దాని జోలికి వెళ్లకండి. సరైనవిలా కనిపిస్తూనే కచ్చితంగా తప్పయిన ఆప్షన్లు తయారుచేయడమే పెద్ద తంటా.

ఫిర్యాదు ఎంత ఘాటుగా ఉందో కొలవడానికి, ఫిర్యాదుల మీద పరిశోధన చేసిన ఓల్ష్‌టైన్, వైన్‌బాక్‌ల ఐదు మెట్ల కొలమానం వాడండి: విషయం దాటవేయడం, చిరాకు, నేరుగా ఫిర్యాదు, నింద–హెచ్చరిక, బెదిరింపు. రెంటికీ అవే సందర్భాలు, ఆ విద్యార్థులే. సగం మందికి ముందు రాత, మిగతా సగానికి ముందు రోల్‌ప్లే. లేకపోతే మొదటిది రెండోదానికి రిహార్సల్ అయిపోతుంది. వందమంది అక్కర్లేదు, ముప్ఫైమందితో శ్రద్ధగా చేస్తే చాలు.

పీహెచ్‌డీకి పీజీలో 55 శాతం ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు 50. 2024 జూన్ నుంచి యూజీసీ నెట్ (జాతీయ అర్హత పరీక్ష) స్కోరుతోనూ ప్రవేశాలిస్తున్నారు. హైదరాబాద్‌లో ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), సెంట్రల్ యూనివర్సిటీ రెండూ చూడండి. ఇంటర్వ్యూలో 'ఈ పద్ధతే ఎందుకు?' అని అడిగితే చూపించడానికి మీ దగ్గర సొంత డేటా ఉంటుంది. రికార్డింగ్‌కి విద్యార్థుల అంగీకార పత్రాలు మాత్రం ముందే తీసుకోండి.