పసిబిడ్డ మొదటి ఏడాది: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: యుద్ధంలో కాలి బూడిదైన టోక్యోలో, తిండికి కటకటలాడే రోజుల్లోనే పసిబిడ్డల మరణాలు గబగబా తగ్గాయని విన్నాను. డబ్బూ పెద్దాసుపత్రులూ లేకుండా అదెలా కుదిరిందండీ?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: శిశు మరణాల రేటంటే, ప్రాణంతో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో ఏడాది నిండకుండా పోయినవారి లెక్క. జపాన్ మొత్తం మీద అది 1947లో 76.7, 1950లో 60.1, 1955లో 39.8, 1960లో 30.7. 1950లో నూటికి 95 కాన్పులు ఇళ్లలోనే, ఎక్కువగా చదువుకుని లైసెన్సు పొందిన మంత్రసానుల చేతుల మీదుగా జరిగాయి. కాబట్టి అప్పటి తగ్గుదలను ఆసుపత్రి మంచాల ఖాతాలో వెయ్యలేం.

1947లో ఆరోగ్య కేంద్రాల చట్టాన్ని తిరగరాసి, సుమారు లక్షమందికొక కేంద్రం ఉండాలనుకున్నారు. అక్కడి నర్సులు ఇల్లిల్లూ తిరిగి తల్లీబిడ్డల్ని చూసేవారు. 1948 నుంచి ప్రతి తల్లికీ ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. గర్భం, కాన్పు, బిడ్డ ఎదుగుదల అన్నీ అందులోనే రాసేవారు. అప్పట్లో విరేచనాలూ న్యుమోనియా ఎంతోమంది బిడ్డల్ని పొట్టన పెట్టుకునేవి. ఆ రెండింటినీ గడప దగ్గరే పసిగట్టవచ్చు.

మన సంగతి కొంత వేరు. 2020 నమూనా నమోదు (ఎంపిక చేసిన ప్రాంతాల్లో ప్రభుత్వం జరిపే జనన మరణాల సర్వే) లెక్కల్లో దేశంలో ఈ రేటు 28, ఆంధ్రప్రదేశ్‌లో 24. దేశంలోని ఆ 28లో 20 మరణాలు మొదటి 28 రోజుల్లోనే. అందుకే మనకు మొదటి నెల ఇంటి సందర్శనలు ప్రాణంతో సమానం. ఒక్క మాట: ఏడాదికి 80 కాన్పులున్న ఊళ్లో ఒక బిడ్డ పోతే రేటు 12.5, ఇద్దరు పోతే 25. ఒక్క ఊరి రేటు చూసి మంచిచెడ్డలు తేల్చకండి. పోయిన ప్రతి బిడ్డ విషయంలోనూ ఎందుకు, ఎక్కడ ఆలస్యమైంది అని విచారించడమే సరైన పని.

ప్రశ్న: మా కోడలు పుట్టింట్లో, అమలాపురం దగ్గర, పురుడు పోసుకుంది. బిడ్డ 2 కిలోల 100 గ్రాములు. మూడో నెలలో మా ఇంటికొస్తుంది. ఆశా కార్యకర్త ఏ ఊరి నుంచి రావాలి? మేమేం చూసుకోవాలి?
– ఒక అత్తగారు, పాలకొల్లు

జవాబు: సరైన చోట అడిగారు. మన వైపు బిడ్డలు లెక్కలోంచి జారిపోయేది ఈ పుట్టింటికీ అత్తింటికీ మధ్యనే. గర్భిణిగా పేరు మీ ఊళ్లో ఉంటుంది, బాలింతగా ఉండేది వేరే ఊళ్లో. ఇక్కడి ఆశా ‘అక్కడ చూస్తార్లే’ అనుకుంటుంది, అక్కడి ఆశాకు కబురే అందదు. ఇప్పుడే రెండు ఊళ్ల ఆశాలకూ ఫోన్ చేసి చెప్పండి. తల్లీబిడ్డల కార్డు బిడ్డతోపాటే ప్రయాణం చెయ్యాలి.

ఆసుపత్రి కాన్పయితే ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలి. బిడ్డ ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి ఆశాదే ఆ పని. మూడో నెల నుంచి 15వ నెల దాకా మూడు నెలలకోసారి వచ్చే సందర్శనలు మీ ఊళ్లో జరగాలి.

రెండున్నర కిలోల లోపు బిడ్డకు మొదటి శత్రువు చలి. మే నెల ఉక్కలో కూడా తడి ఒళ్లు ఫ్యాను గాలికి చల్లబడిపోతుంది. పురిటి స్నానం ఆచారం కోసం తొందరపడకండి. బరువు పెరగడం మొదలై, ఏఎన్ఎం (ఊరి ఆరోగ్య ఉపకేంద్రం నర్సు) సరేననేదాకా గోరువెచ్చని గుడ్డతో తుడిస్తే చాలు. బిడ్డకు టోపీ, సాక్సులు, లంగోటీ మాత్రం ఉంచి, తల్లి రొమ్ముల మధ్య నిటారుగా, ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి పైన గుడ్డ కట్టాలి. తల పక్కకు తిరిగి, ముక్కు కనబడుతూ ఉండాలి. రోజుకు ఎనిమిది గంటలకు తగ్గకూడదు, ఎంత ఎక్కువైతే అంత మేలు. తల్లి అలసిపోతే తండ్రి, అమ్మమ్మ, మీరు ఎవరైనా మోయవచ్చు. తల్లిపాలు రాత్రీ పగలూ కలిపి కనీసం ఎనిమిదిసార్లు పట్టాలి. తేనె, ఆముదం, వస వద్దు. ఆముదం పొరబారి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది, తేనెలో పసిపేగులు తట్టుకోలేని క్రిములుండొచ్చు. సాంబ్రాణి పొగ కూడా మానెయ్యండి.

ఊపిరి లెక్క మీరూ నేర్చుకోండి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకి తీసి, పొట్ట లేచిపడడం పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. అరనిమిషం లెక్కపెట్టి రెట్టింపు చెయ్యకండి, పసివాళ్ల ఊపిరి ఒకసారి వేగంగా, ఒకసారి ఆగి ఆగి ఉంటుంది. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఆ తరవాత ఏడాది లోపు 50, లేదా అంతకన్నా ఎక్కువొస్తే మరోసారి లెక్కపెట్టండి. అప్పుడూ అంతే ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా, ఫిట్స్ వచ్చినా, ఒళ్లు చల్లబడినా, జ్వరం వచ్చినా, అరచేతులూ అరికాళ్లూ పసుపెక్కినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి, బిడ్డను పైన చెప్పినట్టే ఒంటికి హత్తుకుని తీసుకెళ్లండి.

ప్రశ్న: కాలువలకు నీళ్లు ఆపేశాక మా వాడలో నూతి నీళ్లే గతి. బ్లీచింగ్ చల్లుతున్నా పిల్లలకు విరేచనాలు ఆగట్లేదు.
– ఒక వార్డు సభ్యురాలు, రాజోలు

జవాబు: మురిక్కాలువల గట్లమీద చల్లే తెల్లపొడికీ తాగేనీటికీ సంబంధం లేదు. పొడి నూతిలోకే వెళ్లాలి, అదీ కొలతతో. నుయ్యి అడ్డం రెండు మీటర్లు, నీటి లోతు మూడు మీటర్లనుకోండి: 3.14 × 2 × 2 × 3 ÷ 4 = 9.42 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 9,400 లీటర్లు. మంచి పొడైతే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున సుమారు 24 గ్రాములు చాలు.

పొడిని బకెట్లో కాసిని నీళ్లతో ముద్దలా కలిపి, బకెట్ ముప్పాతిక నిండేలా నీళ్లు పోసి కలియబెట్టి, పది నిమిషాలు తేరనివ్వండి. పైన తేరిన నీళ్లు వేరే బకెట్లోకి వంచి, ఆ బకెట్‌ను తాడుతో నూతిలోకి దించి నాలుగైదుసార్లు పైకీ కిందకీ ఆడించండి. అడుగున మిగిలిన సున్నం నూతిలో వెయ్యకండి. గంటసేపు ఎవరూ తోడకూడదు. ఈ పని రాత్రిపూట చేస్తే వాడకు ఇబ్బంది ఉండదు.

పని చెయ్యకపోవడానికి సాధారణంగా రెండు కారణాలు. మూతి విప్పిన సంచి మన తేమగాలికి కొద్దివారాల్లోనే సత్తువ కోల్పోతుంది. వాసన ఘాటుగా లేని పొడిని నమ్మకండి. రెండోది బురద. మసక నీళ్లలో క్లోరిన్ అంతా మట్టికే ఖర్చయిపోతుంది. పంచాయతీలో క్లోరోస్కోపు (నీటిలో మిగిలిన క్లోరిన్‌ను రంగుతో చూపే చిన్న పరికరం) ఉంటే గంట తరవాత చూడండి, లీటరుకు 0.5 మిల్లీగ్రాములు కనబడాలి. పైపు నీళ్లయితే ట్యాంకు దగ్గర కాదు, శివారు ఇంటి కుళాయి దగ్గర పరీక్షించాలి, అక్కడ 0.2 ఉండాలి. లేకపోతే మధ్యలో ఎక్కడో పైపు పగిలి మురుగు కలుస్తోందేమో వెతికించండి.

ప్రశ్న: పది నెలల పాపకు ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ గ్లాసుడు నీళ్లలో కలిపి పట్టాం. దాహం ఇంకా పెరిగింది. ఎందుకు?
– ఒక తల్లి, ముమ్మిడివరం

జవాబు: పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు. గ్లాసులో కలిపితే ఉప్పు మోతాదు ప్రమాదకరంగా పెరుగుతుంది. అలా తాగిన పాప మత్తుగా ఉన్నా, చిరచిరలాడుతున్నా వెంటనే డాక్టరుకు చూపించండి. ఇకముందు కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ప్యాకెట్ మొత్తం కలిపి, ప్రతి విరేచనం తరవాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో పట్టండి. వాంతయితే పది నిమిషాలు ఆగి, మరీ నెమ్మదిగా మొదలుపెట్టండి. 24 గంటలు దాటితే మిగిలింది పారబోయండి. తల్లిపాలు, రోజూ తినే మెత్తటి అన్నం ఆపకండి. జింకు 20 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి 14 రోజులు వెయ్యాలి; ఆరు నెలల లోపు బిడ్డకయితే సగం. విరేచనాలు మూడోరోజే తగ్గినా మిగతా మాత్రలు మానొద్దు. కళ్లు లోతుకుపోయినా, పొట్టమీద చర్మం పట్టి వదిలితే నెమ్మదిగా సర్దుకున్నా, విరేచనంలో రక్తం కనబడినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.