మినరల్ ఇంజనీరింగ్ అంటే గనిలోకి దిగడమేనా?

ప్రశ్న: మా అమ్మాయికి ధన్‌బాద్ ఐఐటీలో మినరల్ అండ్ మెటలర్జికల్ ఇంజనీరింగ్ సీటు వచ్చింది. బొగ్గు గనుల్లో ఉద్యోగం చేయాలని బంధువులు భయపెడుతున్నారు. వద్దనుకుని ఇక్కడే కంప్యూటర్ సైన్స్‌లో చేర్పించమంటారా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: గనులు తవ్వడం నేర్పేది మైనింగ్ ఇంజనీరింగ్. మీ అమ్మాయికి వచ్చిన సీటు వేరు. తవ్వి తెచ్చిన రాయిలోంచి పనికొచ్చే ఖనిజాన్ని వేరుచేయడం, దాని నుంచి లోహం తీయడం ఇందులో నేర్పుతారు. పదో తరగతిలో ధాతువు (లోహం తీసే ఖనిజం) సాంద్రీకరణ, ప్లవన ప్రక్రియ అంటూ ఒకటి రెండు పేజీలు చదివే ఉంటుంది. ఆ పేజీల వెనుక ఉన్న పరిశ్రమ చాలా పెద్దది.

మధ్యప్రదేశ్‌లోని మలాంజ్‌ఖండ్ రాగి గనిని చూడండి. అక్కడి రాయిలో రాగి సుమారు ఒక శాతం. అంటే టన్ను రాయికి పది కిలోలు. రాయిని క్రషర్లలో పగలగొట్టి, బాల్ మిల్లులో (ఉక్కు గుండ్లతో గిర్రున తిరిగే డ్రమ్ములో) నీటితో కలిపి మెత్తగా నూరుతారు. ఆ బురదలో జాంతేట్ వంటి రసాయనం కలిపితే రాగి ఖనిజపు రేణువులకు నీరంటదు. కింది నుంచి గాలి పంపితే అవి బుడగలను పట్టుకుని నురగతో పైకి తేలతాయి, మట్టీ రాయీ నీటిలోనే ఉండిపోతాయి. ప్లవన ప్రక్రియ అంటే ఇదే. పదింట తొమ్మిది కిలోల రాగిని రాబట్టి, 25 శాతం రాగి ఉన్న సరుకు చేశారనుకుందాం. టన్ను రాయి కాస్తా 36 కిలోలవుతుంది! ఇంజనీరు తెలివికి పరీక్ష ఇక్కడే. ముతకగా నూరితే ఖనిజం రాయిలోనే చిక్కుకుంటుంది. మరీ మెత్తగా నూరితే కరెంటు వృథా, పైగా అతి సన్నని రేణువులు బుడగలకు సరిగా అంటుకోవు. గనిలో తవ్వే చోటు మారితే రాయి గుణమూ మారుతుంది, లెక్కంతా మళ్లీ చూసుకోవాలి. రసాయన శాస్త్రం ఇష్టమైన పిల్లలకు ఇంతకన్నా ఆసక్తికరమైన పని అరుదని నా నమ్మకం.

ఉద్యోగాల విషయానికొస్తే, హైదరాబాద్‌లో ప్రధాన కార్యాలయమున్న ఇనుప ఖనిజ సంస్థ ఎన్‌ఎండీసీ, రాగి తీసే హిందుస్థాన్ కాపర్, అల్యూమినియం సంస్థ నాల్కో, ప్రైవేటు ఉక్కు, జింకు కంపెనీలు ఉన్నాయి. పరిశోధన వైపు వెళ్లాలంటే భువనేశ్వర్, జంషెడ్‌పూర్‌లలో కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ ప్రయోగశాలలున్నాయి. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో మెటలర్జీ పేపరు రాయవచ్చు.

కష్టాలూ చెప్పాలి. ప్లాంట్లు ఎక్కువగా నగరాలకు దూరంగా ఉంటాయి. షిఫ్టులు, దుమ్ము, మిల్లుల హోరు తప్పవు. తొలి జీతం సాఫ్ట్‌వేర్‌లో పెద్ద ఉద్యోగాలతో పోటీపడదు. మీ అమ్మాయికి నిజంగా కోడింగే ఇష్టమైతే ఆమెను ఆపకండి. బంధువుల మాటే కారణమైతే మాత్రం సీటు వదులుకోవద్దు. ఫీజు గడువు ముగిసేలోగా ఆ శాఖలో చదువుతున్న ఒక సీనియర్ విద్యార్థినితో ఆమెనే నేరుగా మాట్లాడనివ్వండి.