ఏఐ బ్రాంచ్ అయితే గ్రాఫిక్స్ కార్డు తప్పదా?

ప్రశ్న: మాది బోడుప్పల్. ఇంట్లోనే బట్టలు కుడతాను. మా అమ్మాయికి ఘట్‌కేసర్ వైపు ఒక కాలేజీలో సీఎస్ఈ, ఏఐ అండ్ ఎంఎల్‌లో సీటు వచ్చింది. చిట్టీ ఎత్తి ల్యాప్‌టాప్ కోసం 60 వేలు పక్కన పెట్టాం. ఏఐ చదివేవాళ్లకు గ్రాఫిక్స్ కార్డు ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్ తప్పదని ఒక షాపులో 82 వేలు చెప్పారు. మా అమ్మాయి గేమ్స్ ఆడదు. మిగతా 22 వేలు ఈఎంఐ పెట్టమంటారా? అది లేకపోతే ఉద్యోగాల్లో వెనకబడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఈఎంఐ పెట్టకండమ్మా. మీ దగ్గరున్న 60 వేలలోనే మంచిది వస్తుంది.

తెర మీద అక్షరాన్నీ బొమ్మనీ గీసే భాగం ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ ఉంటుంది. మామూలు వాటిలో అది ప్రాసెసర్ చిప్‌లోనే కలిసి ఉంటుంది, దాన్ని ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ అంటారు. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో దీనికి తోడు గ్రాఫిక్స్ కార్డు పేరుతో ఇంకో చిప్, దానికి సొంత మెమరీ, రెండింటినీ చల్లబరచడానికి పెద్ద ఫ్యాన్లు పెడతారు. ధరా, బరువూ, వేడీ అక్కడే పెరుగుతాయి.

మీ అమ్మాయి నాలుగేళ్లు చేసే పనిలో ఎక్కువ భాగం కోడ్ రాయడమే. సీ, జావా, పైథాన్, ఎస్‌క్యూఎల్ నేర్చుకోవడానికి ఆ రెండో చిప్‌తో పనే లేదు. మెషీన్ లెర్నింగ్‌లో మొదట నేర్పే పాండాస్, సైకిట్‌లెర్న్ అనే పైథాన్ పనిముట్లు కూడా ప్రాసెసర్ మీద, ర్యామ్ (తెరిచిన పనులన్నిటినీ అప్పటికి పట్టి ఉంచే మెమరీ) మీద నడిచేవే. కార్డు అవసరం పడేది బొమ్మల్నీ మాటల్నీ గుర్తుపట్టే డీప్ లెర్నింగ్ మోడళ్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు. ఆ చదువు తర్వాతి సంవత్సరాల్లో వస్తుంది. వచ్చినప్పుడు కూడా గూగుల్ కోలాబ్ అని ఒకటుంది. బ్రౌజర్‌లో తెరిస్తే చాలు, గూగుల్ వాళ్ల కంప్యూటర్ మీద మన కోడ్ నడుస్తుంది. ఉచితంగా ఎక్కువగా ఇచ్చేది టీ4 అనే కార్డు, దాని మెమరీ 16 జీబీ. ఈ ధరలో షాపుల్లో కనిపించే ఆర్‌టీఎక్స్ 3050 కార్డుల్లో చాలావాటికి 4 జీబీయే ఉంటుంది. కాస్త పెద్ద మోడల్ ఎక్కించగానే అది నిండిపోతుంది. కోలాబ్‌లో రద్దీగా ఉంటే కార్డు దొరకని రోజులూ ఉంటాయి. అప్పుడు అలాంటిదే ఇంకో సైట్ కాగుల్‌లో ఫోన్ నంబరు ధ్రువీకరించుకుంటే వారానికి సుమారు 30 గంటలు ఉచితంగా వాడుకోవచ్చు.

ఇక ఉద్యోగం సంగతి. క్యాంపస్ సెలెక్షన్లలో ముందు పెట్టేది ఆప్టిట్యూడ్, కోడింగ్ పరీక్షలు. తర్వాత ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి గుచ్చి గుచ్చి అడుగుతారు. ఏ ల్యాప్‌టాప్ మీద చేశావని అడిగారని ఇన్నేళ్లలో నా దగ్గరకొచ్చిన ఏ విద్యార్థీ చెప్పలేదు. ఆ విషయంలో నిశ్చింతగా ఉండండి.

మీరు గట్టిగా పట్టుబట్టాల్సింది ర్యామ్ దగ్గర. 16 జీబీ ఉండాలి. ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌లోంచే కొంత తీసుకుంటుంది. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో దాని వాటా పోగా, విండోస్ తిన్నది పోగా మిగిలేది కొంచెమే. బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు, ఫోన్ యాప్‌లను కంప్యూటర్‌లో నడిపి చూపే ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ ఒకటి తెరిస్తే అక్కడే ఆగిపోతుంది. ర్యామ్ ఒకే ముక్కగా ఉందా, రెండు ముక్కలుగా ఉందా అన్నది కూడా చూడాలి. ఒకే ముక్క అయితే డేటా ఒకే దారిలో వెళ్తుంది, గ్రాఫిక్స్ నెమ్మదిస్తుంది. డబ్బా మీద ఐరిస్ ఎక్స్‌ఈ అని ఉన్న ఇంటెల్ చిప్ కూడా ఒకే ముక్క ర్యామ్ ఉంటే విండోస్‌లో అంతకన్నా తక్కువ రకమైన ఉత్త యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అనే కనిపిస్తుంది. షాపులో డెమో పీస్ మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కమనండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, మెమరీ అన్నచోట ఎన్ని స్లాట్‌లు వాడారో రాసి ఉంటుంది. రెండింటిలో ఒకటి ఖాళీగా ఉంటే ఇంకో 8 జీబీ తర్వాత వేయించుకోవచ్చు. కొన్నిటిలో ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది, వాటిలో మాత్రం కొన్నప్పుడే 16 జీబీ ఉండి తీరాలి.

రెండో జాగ్రత్త ప్రాసెసర్ నంబరు. ఇంటెల్ వాళ్ల ఐ5 అనో, ఏఎండీ వాళ్ల రైజెన్ 5 అనో చెబితే సరిపోదు. రైజెన్ 5 7520యూ అని చవకగా దొరుకుతుంది. పేరు కొత్తదే, లోపల 2019 నాటి డిజైన్. ఏఎండీ 7000 సిరీస్‌లో మూడో అంకె చూడాలి: 7520లో అది 2, 7530లో 3. ఆ అంకె పెరిగే కొద్దీ డిజైన్ కొత్తది. 7530యూ గానీ, ఇంటెల్‌లో ఐ5 1235యూ, 1335యూ గానీ మీ అమ్మాయికి హాయిగా సరిపోతాయి. ఫైళ్లు దాచుకునే ఎస్ఎస్‌డీ 512 జీబీ తీసుకోండి. ఎవరైనా సెకండ్ హ్యాండ్‌ది చూపిస్తే, ఇంటెల్ ఎనిమిదో జనరేషన్ కన్నా పాతది వద్దనండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆపేసింది, అంత పాత వాటిలో విండోస్ 11 సరిగా ఎక్కదు.

బరువు సంగతి ఎవరూ ముందుగా ఆలోచించరు. గేమింగ్ ల్యాప్‌టాప్ రెండు కిలోలు దాటుతుంది, దాని ఛార్జరే అర కిలో ఉంటుంది. ఉప్పల్ నుంచే కిక్కిరిసి వచ్చే బస్సులో రోజూ భుజాన వేసుకుని వెళ్లాల్సింది మీ అమ్మాయి. బరువు భరించలేక ల్యాప్‌టాప్ హాస్టల్లోనే వదిలేసి, ల్యాబ్‌లో పక్కవాళ్లది చూస్తూ ఒక సంవత్సరమంతా గడిపేసిన అబ్బాయి నాకు తెలుసు. తెలివైన పిల్లాడు, ఆ సంవత్సరం అలా పోయినందుకు ఇప్పటికీ బాధేస్తుంది. కిలోన్నర చుట్టుపక్కల ఉన్నది చూడండి.

మీ అమ్మాయి మాసబ్ ట్యాంక్‌లో బీఆర్క్ (ఆర్కిటెక్చర్) చేరి ఉంటే నేనే కార్డు తీసుకోమనేవాణ్ని. లూమియాన్ అనే సాఫ్ట్‌వేర్‌లో భవనాలను నిజమైనవాటిలా చూపే రెండరింగ్‌కు, యానిమేషన్‌కు, గేమ్స్ తయారు చేసే కోర్సులకు అది నిజంగా కావాలి.

మిగిలిన డబ్బుతో వారంటీ మూడేళ్లకు పెంచుకోండి. సర్వీస్ సెంటర్ మీకు దగ్గర్లో ఉన్న కంపెనీ అయితే ఇంకా మంచిది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో రెండు మూడు షాపులు తిరిగి ఒకే మోడల్ నంబరుకు ధర అడగండి, అప్పుడే తేడా తెలుస్తుంది. అమ్మాయిని వెంట తీసుకెళ్లండి. కీబోర్డు మీద పది నిమిషాలు తనే టైప్ చేసి చూడాలి, తెర కళ్లకు ఎలా ఉందో తనే చెప్పాలి. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకుని, ల్యాప్‌టాప్ అడుగున ఉన్న నంబరుతో సరిపోయాకే డబ్బు కట్టండి.