అమ్మతో రోము, లూర్దు, ఫాతిమా యాత్ర: గ్రూపుతో వెళ్లాలా, సొంతంగానా?

డెబ్బై ఏళ్ల అమ్మగారిని రోముకు, ఫ్రాన్స్‌లోని లూర్దు, పోర్చుగల్‌లోని ఫాతిమా మాత క్షేత్రాలకు తీసుకెళ్లాలి, ఆవిడకు మోకాళ్ల నొప్పులు, గ్రూపుతో వెళ్తే ఇబ్బంది పడతామా అని అడిగారు. నేను రెండుసార్లు గ్రూపుతోనే వెళ్లాను. మొదటిసారి ఒక్కడినే, రెండోసారి మా అమ్మతో. మీరు కూడా గ్రూపుతోనే వెళ్లండి. కాకపోతే బ్రోషర్‌లో ఎన్ని క్షేత్రాలు రాశారో చూసి మురిసిపోకండి. ఏ ఊళ్లో ఎన్ని రాత్రులు ఉంటారో లెక్కపెట్టండి.

మొదటిసారి నేను ఆ లెక్క చూసుకోలేదు. పది రోజుల్లో నాలుగు దేశాలు అనగానే డబ్బు కట్టేశాను. తీరా చూస్తే యాత్రలో సగం బస్సులోనే గడిచింది. లూర్దు నుంచి ఫాతిమాకు రోడ్డు మీద వెయ్యి కిలోమీటర్లకు అటూఇటుగా ఉంటుంది, మధ్యలో స్పెయిన్ అంతా దాటాలి. లూర్దుకు మాకిచ్చింది ఒక్క రాత్రి. అక్కడ యాత్రల కాలంలో, అంటే దాదాపు ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా, రోజూ రాత్రి 9 గంటలకు కొవ్వొత్తుల ప్రదక్షిణ జరుగుతుంది. మా బస్సు చేరేసరికి పది దాటింది. ఆర్పేసిన కొవ్వొత్తులు చేతిలో పట్టుకుని జనం హోటళ్లకు తిరిగొస్తున్నారు. మా బస్సులో ఎవరూ మాట్లాడలేదు. తెల్లారి గుహ దగ్గరికి పరుగెత్తి వెళ్లి, వరుసలో నిలబడి, తడి రాతిని చేత్తో తాకి, మళ్లీ పరుగున బస్సెక్కాం. 1858లో ఫిబ్రవరి 11 నుంచి జూలై 16 దాకా 18 సార్లు మరియతల్లి బెర్నదెత్ అనే బాలికకు కనిపించిన చోటది. మాకు దక్కింది పావుగంట.

రెండోసారి లూర్దులో మూడు రాత్రులు, ఫాతిమాలో రెండు, రోములో మూడు ఉన్న గ్రూపును వెతికి పట్టుకున్నాను. ఊళ్ల మధ్య బస్సు కాకుండా విమానాలు. క్షేత్రాలు తగ్గాయి, ఖర్చు కొంచెం పెరిగింది. అమ్మకు మాత్రం అదే సరైన యాత్ర.

మోకాళ్ల గురించి మరీ టెన్షన్ పడకండి. లూర్దులో అసలు పెద్దపీట రోగులకే. చేత్తో లాగే నీలం రంగు మూడు చక్రాల బళ్లు ఉంటాయి, వాటిని లాగడానికి వాలంటీర్లు ఉంటారు. ప్రదక్షిణలో చక్రాల కుర్చీల వాళ్లకే ముందు వరుసలు. మొదట మా అమ్మ బండి ఎక్కనని మొండికేసింది, "నేనేమన్నా రోగినా?" అని. రెండో రాత్రి తనే అడిగి మరీ ఎక్కింది. ప్రదక్షిణలో జపమాల చెబుతారు, ఒక్కో పది మంగళవార్త జపాలు (మరియతల్లికి చేసే ప్రార్థన) ఒక్కో భాషలో వినిపిస్తుంటాయి. 'ఆవే మరియ' పల్లవి వచ్చినప్పుడల్లా అందరూ కొవ్వొత్తులు పైకెత్తుతారు. పాట రాని వాళ్లకు కూడా ఆ చోటు ఇట్టే తెలిసిపోతుంది. బండిలో కూర్చున్న అమ్మ అందరికంటే ముందే చెయ్యెత్తేది.

హోటల్ మాత్రం గట్టిగా అడిగి తెలుసుకోండి. లూర్దు ఊరు ఎత్తుపల్లాల్లో ఉంటుంది. "క్షేత్రానికి అయిదు నిమిషాల నడక" అని రాస్తారు కానీ, ఆ అయిదు నిమిషాలూ ఎక్కుడే కావచ్చు. గుహలోని ఊట నీళ్ల స్నానాల సంగతి కూడా ముందే కనుక్కోండి. కోవిడ్ సమయంలో మునిగే స్నానాలు ఆపేసి, దోసిట్లో నీళ్లు పోయించుకుని ముఖం కడుక్కుని తాగే పద్ధతి పెట్టారు. అమ్మ అదే చేసింది, అసంతృప్తేమీ పడలేదు.

ఫాతిమా ఇంకా తేలిక, విశాలమైన మైదానం. 1917లో లూసియా, ఫ్రాన్సిస్కో, జసింతా అనే ముగ్గురు పిల్లలకు దర్శనాలైన చోట చిన్న గుడి ఉంది. అక్కడికి మోకాళ్ల మీద నడిచి వెళ్లేవాళ్ల కోసం నున్నటి దారి వేశారు. మీ అమ్మగారు ఉత్సాహపడితే ఆపండి, నేను ఆపాల్సి వచ్చింది. మే, అక్టోబరు నెలల్లో 12, 13 తేదీలకు మాత్రం వెళ్లొద్దు, ఇసుక వేస్తే రాలనంత జనం. 1981లో రెండో జాన్ పాల్ పాపుగారిపై (పోప్‌పై) పేలిన తూటాను పొదిగిన కిరీటం చూడాలని చాలామంది ఆశపడతారు. దాన్ని పెద్ద పండుగలకే మాత విగ్రహానికి పెడతారు, మామూలు రోజుల్లో ప్రదర్శనశాలలో చూడొచ్చు.

రోములో భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి. పాపుగారి బుధవారం దర్శనానికి టికెట్లు ఉచితం, వాటికి డబ్బు వసూలు చేస్తే ఎందుకని అడగండి.

ఈ మూడు దేశాలకూ కలిపి ఒక్కటే వీసా, షెంజెన్ వీసా. దానికి ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా, తిరుగు ప్రయాణం తర్వాత కూడా మూడు నెలల గడువున్న పాస్‌పోర్టు ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తులు తీసుకుంటారు, చివరిదాకా ఆగకండి.

గ్రూపుతో చికాకులు లేవని కాదు. ప్రతి పొద్దునా ఎవరో ఒకరు ఆలస్యంగా వస్తారు, రోజూ వాళ్లే. గదిలో తోడు వచ్చే మనిషి గురక పెట్టొచ్చు. అయినా గ్రూపుతోనే వెళ్లమనడానికి కారణం ఫాదర్. వెంట ఒక ఫాదర్ వచ్చే గ్రూపునే ఎంచుకోండి. రోజూ మన భాషలో పూజ, మన భాషలో పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం) దొరుకుతాయి. సొంతంగా వెళ్తే మీకైతే పర్వాలేదు, అమ్మగారికి అది పెద్ద లోటు. పైగా బస్సులో జపమాల మొదలైతే, మొదటి రోజు ముభావంగా కూర్చున్న వాళ్లే మూడో రోజుకి ముందుండి చెప్పిస్తారు.

చివరగా, లూర్దు నీళ్లు. విమానంలో చేతి సంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన సీసా చాలాచోట్ల రానివ్వరు, పెద్ద సూట్‌కేసులో పెట్టాలి. మాత ఆకారంలో అమ్మే సీసాల మూతలు నమ్మకండి, టేపు చుట్టండి. మాది కారిపోయి అమ్మ చీరలన్నీ తడిశాయి. ఇంటికొచ్చాక నేను ఉతకడానికి తీస్తే, వద్దని లాక్కుని అలాగే ఆరేసింది.